గారపండ్లకు వెనీర్లు: ఎవరికి తగును, ఎవరికి తగవు

నల్లగొండ, ప్రకాశము జిల్లాల పల్లెలలో నలుగురు కూడిన చోట నవ్వు వచ్చినప్పుడు చేతిని నోటికి అడ్డము పెట్టుకొనువారు నేటికిని కనిపించుచుందురు. అది సిగ్గరితనము కాదు. పసితనమున త్రాగిన బావినీటిలోని ఫ్లోరైడు వారి ముందుపండ్లపై గోధుమరంగు చారలను, సుద్దవంటి మచ్చలను, కొందరికి సన్నని గుంటలను మిగిల్చినది. ఆ ప్రాంతములవారు వీనిని గారపండ్లు అందురు. ఇటీవలి కాలమున పట్టణములలోని దంతవైద్యశాలల ప్రకటనలు, చేతిఫోను తెరపై కనిపించు చిత్రములు వీరికి ఒక క్రొత్త ఆశను చూపుచున్నవి. పంటి ముందువైపున పలుచని పింగాణి రేకును అతికించి మచ్చను కప్పివేయవచ్చునని ఆ ప్రకటనల సారాంశము. ఆ రేకునకే వెనీరు అని పేరు. రెండు మూడు పర్యాయములు వైద్యుని కడకు పోయి వచ్చినంతనే పండ్లు ముత్యములవలె మెరయునని చెప్పుచున్నారు.

చెప్పునది అబద్ధము కాదు. వెనీరు మంచి చికిత్సయే. దానివలన బాగుపడినవారు కలరు. అయితే గారపండ్లు గలవారందరికిని అది తగినది కాదు. తగినవారికైనను అది మొదటి మెట్టు కాదు, కడపటి మెట్టు. పంటిని కొంత అరుగదీసి చేయు పని గావున ఒకసారి మొదలిడిన పిదప వెనుకకు మరలుటకు వీలులేదు. పెండ్లిచూపుల తొందరలో, ఇతరుల మాటకు లోబడి తీర్మానింపదగిన విషయము కానేకాదు.

మొట్టమొదట మాటను గూర్చియే కొంత చెప్పవలసియున్నది. గార అను ఒక్క మాటను తెలుగువారు మూడింటికి వాడుచున్నారు. పాచి గట్టిపడి చిగురు అంచున సున్నమువలె పేరుకొనునది గార. తాంబూలము, పొగాకు, గుట్కా, తేనీరు మున్నగువాని వలన పంటిపై పట్టు మరకయు గారయే. ఫ్లోరైడు వలన ఏర్పడిన మచ్చయు గారయే. మొదటి రెండును పంటిపైన నుండునవి. దంతవైద్యుడు శుభ్రము చేసినచో ఒకటి రెండు పర్యాయములలోనే పోవును. మూడవది పంటి పైపొరయైన ఎనామెల్‌లో, దాని పుట్టుకతోనే కలిసిపోయినది. అది తోమిన పోదు.

పేరు ఒకటే యగుటవలన మందును ఒకటే యని జనులు భావించిరి. ఇటుకపొడి, ఇసుక, బొగ్గు, కచ్చిక, ఉప్పు కలిపిన నిమ్మరసము మొదలైనవానిలో గారపండ్లపై ప్రయోగింపని వస్తువు లేదు. ఆడపిల్లకు ఈడు వచ్చినకొలది ఈ తోముడు ఎక్కువగును. ఇటుకపొడి మచ్చను తీయదు, ఎనామెల్‌ను తీయును. నిమ్మరసములోని ఆమ్లము ఎనామెల్‌ను మెత్తబరచి ఆ పనికి తోడ్పడును. పైపొర పలుచబడినకొలది దాని క్రిందనున్న పసుపురంగు డెంటిన్ బయటికి కనిపించును. తెల్లబడవలెనని తోమిన పన్ను మరింత పచ్చబడి, చల్లనీరు తగిలినచో జివ్వుమనుట మొదలిడును. ఇట్లు అరిగిన పంటికి తరువాత వెనీరు వేయుటయు కష్టమే; ఏలయన వెనీరు గట్టిగా పట్టుకొని నిలుచునది ఎనామెల్‌పైననే.

కావున వెనీర్లను గూర్చి యోచించువారు మొదట తెలిసికొనవలసినది తమ పండ్లపై నున్నది ఏ గార యనునదియే. పండ్లను శుభ్రము చేయించుకొని అద్దములో చూచుకొన్న పిదప, ఇంక వేరొక చికిత్స అక్కరలేదని తృప్తిపడువారు కొందరుందురు. ఒక్క పన్ను మాత్రమే నల్లబడినచో అది ఫ్లోరైడు పని కాకపోవచ్చును. ఎప్పుడో క్రిందపడినప్పుడు తగిలిన దెబ్బకు లోపలి నాడి చచ్చిన పన్ను అట్లే రంగు మారును. దానికి ఎక్స్‌రే తీయించి, రూట్ కెనాల్ చికిత్స అవసరమేమో ముందు చూడవలెను. పసితనమున టెట్రాసైక్లిన్ అను మందు వాడినవారి పండ్లపై పడు బూడిదరంగు పట్టలు మరియొక తెగకు చెందినవి.

ఫ్లోరైడు గార క్రొత్తగా వచ్చినది కాదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఈ వ్యాధిని పరిశీలించి భారతీయ వైద్య పరిశోధన పత్రికలో ప్రకటించిరి. ఆ గ్రామములున్న ప్రాంతము 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరినది. దానికే పిమ్మట ప్రకాశము జిల్లా అను పేరు వచ్చినది. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి సిద్దీఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిషు వైద్య పత్రికలో వ్రాసెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970వ దశకమున పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. ఒక జిల్లా పేరు ప్రపంచపు శాస్త్రగ్రంథములకు ఎక్కుట గర్వకారణమే కాని, ఎక్కిన కారణము సంతోషింపదగినది కాదు. ఫ్లోరోసిస్ నివారణకై కేంద్రప్రభుత్వము 2008-09లో జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకము కృష్ణా, గోదావరి జలములను గొట్టముల ద్వారా పల్లెలకు చేర్చినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరొక నీటి ఆధారము లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయము.

నీరు మారినంత మాత్రమున పెద్దవారి పండ్లపై మచ్చలు ఏల పోలేదని కొందరు అడుగుదురు. దంతముల ఎనామెల్ అవి బయటికి రాకముందే, దవడలో నున్నప్పుడే తయారగును. జ్ఞానదంతములు తప్ప మిగిలిన శాశ్వతదంతములకు ఈ పని సుమారు 8 ఏండ్ల వయస్సుకు పూర్తియగును. ముందుపండ్లకు ఇంకను ముందుగానే ముగియును. ఆ కాలమున శరీరములోనికి మితిమీరిన ఫ్లోరైడు చేరినచో ఎనామెల్ సరిగా గట్టిపడక లోపల సన్నని రంధ్రములు మిగులును. పన్ను బయటికి వచ్చిన పిదప ఆహారపానీయముల రంగు వానిలోనికి ఇంకి సుద్దమచ్చ గోధుమచారగా మారును. ఇందుచేత రెండు విషయములు స్పష్టమగుచున్నవి. ఎదిగినవాడు ఫ్లోరైడు నీరు త్రాగినను పండ్లపై క్రొత్త మచ్చలు రావు. ఎముకలకు, కీళ్లకు హాని కలుగవచ్చును గాని అది వేరు సంగతి, దానికి దంతవైద్యశాలలో మందు లేదు. అట్లే పసితనమున పడిన మచ్చ మంచినీరు త్రాగినంతనే మాసిపోదు.

ఇక వెనీరు సంగతి. దాని చరిత్ర సినిమాతో ముడిపడియున్నది. 1930వ దశకమున అమెరికాలోని హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అను దంతవైద్యుడు నటీనటుల పండ్లపై పలుచని తొడుగులను తాత్కాలికముగా అతికించెడివాడు. చిత్రీకరణ ముగిసినంతనే వానిని తీసివేసెడివారు. నిలుచునట్లు అంటించు పదార్థము నాటికి లేదు. 1955లో న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరమున మైకేల్ బ్యూనకోర్ అను శాస్త్రజ్ఞుడు, ఎనామెల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లముతో కొంచెము గరుకుచేసినచో దానిపై రెజిన్ గట్టిగా పట్టునని నిరూపించెను. పింగాణి రేకు లోపలివైపును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతో గరుకుచేసి రెజిన్‌తో పంటికి అంటించు పద్ధతి 1983 ప్రాంతమున అమెరికాలో వెలువడినది. పంటిని చెరచిన మూలకమే పంటిపై పింగాణిని నిలుపుటకు పనికివచ్చుట విచిత్రము.

ముందుపంటి ఎనామెల్ చిగురు దగ్గర అర మిల్లీమీటరు లోపుగను, కొరుకు అంచు వద్ద సుమారు ఒక మిల్లీమీటరుగను ఉండును. వెనీరునకు చోటు చేయుటకై అందులోనుండి సాధారణముగా 0.3 నుండి 0.7 మిల్లీమీటర్ల వరకు అరుగదీయుదురు. చేతిగోరు మందమంత యని స్థూలముగా అనుకొనవచ్చును. వినుటకు అది స్వల్పమే. కాని ఉన్నదే ఒక మిల్లీమీటరు లోపైనప్పుడు అందులో గోరంత పోవుట స్వల్పము కాదు. చిగురు దగ్గర చేయి కొంచెము ఎక్కువ సాగినచో డెంటిన్ బయటపడును.

ఎనామెల్‌ను తెలుగు పాఠ్యపుస్తకములలో పింగాణి పొర యనియు వ్రాయుట కలదు. మాట వినసొంపుగానే యున్నది గాని ఒక అపోహకు దారితీయుచున్నది. పింగాణి తీసి పింగాణి పెట్టుచున్నారు గదా, పోయినదేమి యని కొందరు ప్రశ్నింతురు. పోయినది చాల కలదు. ఎనామెల్‌ను నిర్మించిన కణములు పన్ను నోటిలోనికి వచ్చుసరికే నశించును. విరిగిన ఎముక అతుకుకొనును, తెగిన చర్మము మానును, కత్తిరించిన గోరు పెరుగును. ఎనామెల్ మాత్రము తిరిగి పుట్టదు. అరుగదీసిన పంటికి నాటినుండి జీవితాంతము ఏదో ఒక కప్పు ఉండియే తీరవలెను.

అందుచేత వెనీర్లు విలాసమనియు, ధనికుల చాపల్యమనియు కొట్టివేయుట న్యాయమా? కాదు. గారపండ్లను గూర్చి ఆ మాట అనువారు పల్లెలలోని పిల్లల బాధ ఎరుగనివారు. బడిలో ఎగతాళి పడి పాఠము గట్టిగా చదువుటకు జంకు బాలుడు, ఉద్యోగపు ఇంటర్వ్యూలో పెదవులు బిగించి సమాధానము చెప్పు యువకుడు చేసిన తప్పు ఏమియు లేదు. ఊరిబావి నీరు త్రాగుట తప్పు కాదు గదా. వారి మనోవ్యథను తీర్చుట వైద్యధర్మమే. కాని ఆ వ్యథ యెంత నిజమో, దానిని ఆసరాగా తీసికొని ఎనిమిది పది పండ్లను ఒకే వారములో అరుగదీయు తొందర అంత అన్యాయము.

శుభ్రము చేయించిన తరువాత మిగిలిన మచ్చకు వెనీరుకంటె తేలికైన ఉపాయములు కలవు. వైద్యుని పర్యవేక్షణలో పెరాక్సైడు లేపనముతో పండ్లను తెలుపు చేయుట వానిలో ఒకటి. దీనివలన గోధుమచారలు చాలవరకు లేతబడును. సుద్దమచ్చలు పోవు, కాని వాని చుట్టునున్న భాగము తెల్లబడుటచే అంతగా కంటికి తగులవు. చికిత్స నడుచుచుండగా కొన్ని దినములు ఆ మచ్చలే ఇంకను స్ఫుటముగా కనబడి రోగిని భయపెట్టును. ఈ సంగతి ముందుగా చెప్పని వైద్యుని వద్దనుండి రోగులు సగములో లేచిపోవుట కలదు.

రెండవది, పలుచని ఆమ్లముతో ప్యూమిస్ పొడిని కలిపి మచ్చపై రుద్దు పద్ధతి. దీనిని మైక్రో అబ్రేషన్ అందురు. ఎనామెల్ పైపైన 0.1 లేక 0.2 మిల్లీమీటరు మాత్రము పోవును. పైపొరలో నున్న గోధుమమచ్చ దానితో పోవును. ఇది ఇటుకపొడి వైద్యమునకు పట్టణపు రూపమే గదా యని ఎవరైన ఎత్తిపొడువవచ్చును. పోలిక కొంత నిజమే. భేదమంతయు కొలతలో నున్నది. దంతవైద్యుడు చిగుళ్లకు రబ్బరు తెర అడ్డముకట్టి, లెక్కపెట్టిన కొలది నిమిషములు మాత్రము, మచ్చ ఉన్నచోటనే రుద్దును. ఇంటివారు ప్రతి ఉదయము, ఏండ్ల తరబడి, నోరంతయు రుద్దుదురు.

సుద్దమచ్చలలోనికి పలుచని రెజిన్ ద్రవమును ఇంకింపజేసి వాని తెలుపును మరుగుపరచు పద్ధతియు ఇటీవల వచ్చినది. చిన్న గుంటలను పంటిరంగు కాంపొజిట్‌తో పూడ్చవచ్చును. కాంపొజిట్‌తోనే ముందుభాగమంతయు పలుచగా కప్పవచ్చును. దీనికి పంటిని అరుగదీయుట చాల తక్కువ, కొన్నియెడల అసలే అక్కరలేదు. పింగాణివలె అది ఎక్కువ కాలము నిగనిగలాడదు. కొన్ని ఏండ్లకు అంచులు రంగు మారును, పెచ్చులు లేచును. అయినను ఖర్చు తక్కువ, విరిగినచో ఆనాడే బాగుచేయవచ్చును, పంటికి హాని స్వల్పము. ఇరువదేండ్ల వయస్సువారికి పింగాణికంటె ఇదియే మేలని చెప్పుటలో సందేహింపనక్కరలేదు. పది పదునైదేండ్ల తరువాత పింగాణి కావలెననిపించినచో అప్పటికిని పన్ను మిగిలియుండును.

ఈ మెట్లన్నియు ఎక్కిన పిమ్మట కూడ మిగులువారు కొందరుందురు. వారి ఎనామెల్ ముదురు గోధుమరంగు తిరిగి, గుంటలుపడి, అంచులు పెచ్చులుగా ఊడుచుండును. అట్టివారికి పింగాణి వెనీరు నిజముగా తగిన చికిత్స. వారికి దానిని నిరాకరించుట, మచ్చ స్వల్పముగా నున్నవానికి దానిని అంటగట్టుట, రెండును సమానమైన తప్పులే.

పెండ్లి తొందరను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మర్రిగూడ ప్రాంతపు పల్లెలో పుట్టి పెరిగిన 22 ఏండ్ల కన్య యొకతె ఉన్నదనుకొనుడు. డిగ్రీ చదివినది. ఇద్దరు ముగ్గురు పెండ్లివారు చూచిపోయిరి; పైకి చెప్పకున్నను కారణము పండ్లేయని ఇంటివారికి తెలిసినది. మేనమామ పట్టణములో విచారించి, మాఘమాసపు ముహూర్తములలోగా పై పండ్లన్నిటికి వెనీర్లు వేయింపవలెనని నిశ్చయించెను. తల్లి బంగారము కుదువబెట్టెను. ఈ ఏర్పాటులో ప్రేమ కలదు, తొందరయు కలదు. పిల్ల అభిప్రాయమును మాత్రము ఎవరును అడిగియుండరు. మంచి వైద్యుడు పెద్దలను కొంతసేపు బయట కూర్చుండుమని చెప్పి, "అమ్మా, నీకేమి కావలెను?" అని ఆమెనే అడుగును. "ముందటి రెండు పండ్ల మీది చారలు పోతే చాలు సారూ" అని ఆమె అనవచ్చును. "పెండ్లివాళ్ల కోసమని నా పండ్లు అరగదీపిచ్చుకోను" అని అనవచ్చును. "నాకే కావాలె సారూ, చిన్నప్పటి సంది నవ్వుకుంట ఒక్క ఫోటో దిగలే" అనియు అనవచ్చును. మూడు సమాధానములకు మూడు వేర్వేరు మార్గములు. మేనమామ మాటలో వీని కన్నిటికి ఒక్క మార్గమే కనబడినది.

వరుని తరపువారి మనస్సులో తరచుగా మరియొక భయము దాగియుండును. ఈ గార పుట్టబోవు పిల్లలకును వచ్చునేమో యని వారి సంశయము. రాదు. ఫ్లోరైడు మచ్చ వంశపారంపర్యము కాదు, అంటువ్యాధి కాదు. పిల్ల త్రాగు నీటినిబట్టి వచ్చునదే గాని తల్లి పండ్లనుబట్టి వచ్చునది కాదు. మంచినీరు గల ఊరిలో పెరిగిన బిడ్డకు తల్లి పండ్లెట్లున్నను గార రాదు. ఫ్లోరైడు బావి గల ఊరిలో పెరిగిన బిడ్డకు తల్లి పండ్లు ముత్యములైనను గార వచ్చును. ఈ ఒక్క సంగతి పెండ్లిపెద్దలకు తెలిసినచో, కొన్ని యిండ్లలో వెనీర్ల అవసరమే తీరిపోవును. మచ్చను దాచి పెండ్లి చేసినచో అపోహ అట్లే నిలిచి, ఒకనాడు వెనీరు ఊడినప్పుడు మోసము చేసిరను మాటకు తావిచ్చును.

చిగుళ్లనుండి రక్తము కారువారికి, పిప్పిపండ్లు గలవారికి ముందు ఆ జబ్బులు కుదిరిన తరువాతనే వెనీర్ల మాట. నిద్రలో పండ్లు కొరుకువారికి అవి త్వరగా పగులును. వేయక తప్పనిచో రాత్రులందు నోటిలో పెట్టుకొను రక్షణతొడుగు వాడవలెను. పై పండ్లు, క్రింది పండ్లు అంచుకు అంచు తగులువారి విషయములో వైద్యుడు మిక్కిలి జాగరూకుడై యుండవలెను. 18 ఏండ్లు నిండని పిల్లలకు పింగాణి వెనీర్లు వేయకుండుట మంచిది. వారి చిగుళ్లు ఇంకను స్థిరపడవు, పంటిలోని నాడి పెద్దదిగా ఉండి అరుగదీసినప్పుడు దెబ్బతిను అపాయము కలదు. గుట్కా, పొగాకు మానని వాని నోటిలో వెనీరు అంచులు నల్లబడును. అయినను గుట్కా మానుటకు చెప్పదగిన కారణములలో అది అత్యల్పమైనది.

మన్నికను గూర్చి ప్రకటనలలో జీవితకాలము అను మాట వినవచ్చుచున్నది. అది సరికాదు. ప్రచురితమైన పరిశీలనల ప్రకారము పింగాణి వెనీర్లు పదేండ్లు గడచుసరికి పదింట సుమారు తొమ్మిది నిలిచియుండును. ఇది మంచి ఫలితమే. అయితే ఆ లెక్కలు ఎక్కువభాగము ఆరోగ్యకరమైన ఎనామెల్ గలవారిని, క్రమముగా వైద్యునికి చూపించుకొనువారిని గూర్చినవి. ముదిరిన గారపంటి ఎనామెల్ పైన ఆమ్లమునకు లొంగదు, లోపల బోలుగా నుండును. దానిపై అంటింపు కుదురుటకు అధికశ్రద్ధ కావలెను. మచ్చ ముదురైనకొలది పలుచని రేకులోనుండి నలుపు తొంగిచూచును. దానిని కప్పుటకు రేకు మందము పెంచవలెను, రేకు మందము పెరిగినచో పన్ను ఇంకను అరుగదీయవలెను. ఇంతటితో ఆగదు. 22 ఏండ్ల వయస్సున 8 వెనీర్లు వేయించుకొన్న స్త్రీ 15 ఏండ్లకొకసారి వానిని మార్పించినచో, 70 ఏండ్లు వచ్చులోగా మరి మూడు పర్యాయములు మార్పింపవలసివచ్చును. మొత్తము 32 వెనీర్లు. నోటిలోని పండ్లన్నిటి సంఖ్యయు అంతే. బంగారము కుదువబెట్టునప్పుడు మొదటి ఎనిమిదింటి వెలను మాత్రమే లెక్కింతురు.

మరియొక జాగ్రత్త. వెనీరు అని చెప్పి పూర్తి తొడుగు, అనగా క్రౌను, వేయుచోట్లు కలవు. వెనీరు పంటి ముందుభాగమును మాత్రము కప్పును. క్రౌనునకై పంటిని నలువైపుల చెక్కవలెను. 2002లో ప్రచురితమైన ఒక కొలతలో వెనీరునకు పంటి పైభాగములో 3 నుండి 30 శాతము, క్రౌనునకు 63 నుండి 72 శాతము పోవుచున్నట్లు తేలినది. కావున తన పంటికి చేయునది ఏదియో, ఎంత అరుగదీయుదురో, ఎన్ని పండ్లకో, ఆ పండ్లే ఏలనో రోగి ముందుగా అడిగి తెలిసికొనవలెను. అడిగినందుకు విసుగుకొను వైద్యశాలను విడిచిపెట్టుట మేలు. పంటిని ముట్టకముందే మైనపు నమూనాను తయారుచేసి, దాని ఆకారమును తాత్కాలిక పదార్థముతో నోటిలో చూపు సదుపాయము కలదు. దానిని తప్పక కోరవలెను. ఆ నమూనాతో ఇంటికి పోయి, మాటలాడి, నవ్వి, ఇంటివారికి చూపి, నాలుగు దినములు ఆగి చెప్పవచ్చును. రంగు ఎంపికలోను తొందర తగదు. మిక్కిలి తెలుపు పాలరాతి రంగు పండ్లు ఫోటోలలో బాగుండును. ఎదురుగా నిలిచి మాటలాడువారికి మాత్రము కట్టుడుపండ్లవలె తోచును.

వెనీర్లు వేయువాడు నమోదైన దంతవైద్యుడై యుండవలెను. సౌందర్యశాలలవారు, సంతలలో తిరుగువారు అంటించు రేకుల క్రింద పాచి చేరి పన్ను పుచ్చును. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. ప్రకటన చూపిన వైద్యశాలలో మాత్రమే కాక ఇట్టి కళాశాల ఆస్పత్రిలో కూడ ఒకసారి పండ్లు చూపించుకొని, అక్కడివారు ఏమందురో విని, తరువాత నిశ్చయించుకొనుట మంచిది. ఇద్దరు వైద్యులు వేర్వేరుగా చెప్పినచో, పంటిని తక్కువ అరుగదీయుమన్నవాని మాటను ముందు పరీక్షించి చూచుటలో నష్టము లేదు.

వేయించుకొన్నవారు కొన్ని అలవాట్లు మార్చుకొనవలెను. చెరకును ముందుపండ్లతో చీల్చుట, గట్టి సకినములను, జంతికలను కొరుకుట, సోడాసీసా మూతను పంటితో తీయుట మానవలెను. నేతపని, కుట్టుపని చేయువారికి దారమును పంటితో తెంపుట వాడుక. వారు కత్తెరను దగ్గర ఉంచుకొనవలెను. మెత్తని బ్రష్షుతో ఉదయము, రాత్రి తోముట, ఆరునెలలకొకసారి వైద్యునికి చూపుట తప్పనిసరి. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణి మెరుగును కూడ చెరచును.

చికిత్స ముగిసిననాడు, ఏయే పండ్లకు, ఏ తేదీన, ఏ పదార్థముతో, ఏ రంగు సంఖ్యగల వెనీర్లు వేసినది వ్రాసిన కాగితమును, చికిత్సకు ముందు తీసిన ఫోటోలను అడిగి తీసికొని ఇంటి పత్రములతోపాటు భద్రపరచుకొనవలెను. పెండ్లియై వేరొక ఊరికి పోయిన పిదప ఒక వెనీరు పగిలినచో, మిగిలినవానితో కలిసిపోవునట్లు మరియొకటి చేయుటకు అక్కడి వైద్యునికి ఆ కాగితమే ఆధారము.